పైలట్ విమానం చుట్టూ ఎందుకు తిరుగుతారు?

బయలుదేరే ముందు పైలట్‌లలో ఒకరు కిందికి దిగి విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తారు. ఇంజనీరు చూసి సంతకం పెట్టాక మళ్లీ ఎందుకు?

1996 అక్టోబరు 2న పెరూలో ఏం జరిగిందో చూడండి. ఏరోపెరూ సంస్థవాళ్లు బోయింగ్ 757ను శుభ్రం చేస్తూ, పక్కనున్న చిన్న రంధ్రాలకు టేపు అంటించారు. తర్వాత తీయడం మరిచారు. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కదా! ఆ రంధ్రాల దగ్గరి పీడనాన్ని కొలిచే విమానం తన ఎత్తు, వేగం లెక్కగడుతుంది. అవి మూసుకుపోవడంతో ఎత్తు, వేగం మీటర్లు తప్పు చూపించాయి. చీకటి, కింద సముద్రం. విమానం కూలి, అందులోని 70 మందీ చనిపోయారు. టేపును పైవాళ్లూ తనిఖీ చేయలేదు, పైలట్ కంటా పడలేదు. శిక్ష మాత్రం కార్మికుడికి పడింది. నాకది న్యాయమనిపించదు.

మరుపు వేరు, అడ్డదారి వేరు. షికాగోలో 1979లో కూలిన డీసీ-10 విమానం సంగతి రెండోదే. ఇంజన్‌ను, దాన్ని రెక్కకు పట్టి ఉంచే భాగాన్ని విడివిడిగా దించమని తయారీదారు చెబితే, సమయం కలిసొస్తుందని ఫోర్క్‌లిఫ్ట్‌తో రెండూ కలిపి దించారు. అప్పుడు పడిన పగులు వారాల తర్వాత 273 ప్రాణాలు తీసింది.

కాబట్టి సాంకేతిక లోపంవల్ల విమానం ఆలస్యమని ప్రకటిస్తే, కౌంటర్‌లోని అక్క మీద అరవకండి; ఆ సమయం సరిచూసుకోవడానికే.