మొసలా? ఎలిగేటరా?

నీటిలో పొంచి ఉండి కాలు పట్టుకునే జంతువును మనం మొసలి అంటాం, మకరి అంటాం. పేరు ఏదైనా జంతువు మాత్రం మొసలే. మన దేశపు నదులలో ఎలిగేటర్లు లేనే లేవు.

ఎలిగేటరు మొసలికి దాయాది. వీటిలో రెండే జాతులున్నవి. ఒకటి చైనాలో, యాంగ్‌ట్సీ నది దిగువ ప్రాంతాన ఉంటుంది. రెండవది అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ భాగంలో ఉంటుంది. అమెరికాకు వచ్చిన స్పెయిన్ దేశస్థులు దీన్ని చూసి తమ భాషలో “ఎల్ లగార్తో” అన్నారు. అంటే “బల్లి” అని అర్థం. పది పన్నెండు అడుగుల బల్లి! ఆ మాటే ఇంగ్లీషువారి నోట పడి ఎలిగేటరు అయింది.

మొసలీ, ఎలిగేటరూ రెండూ అడవి జంతువులుగా ఒకేచోట బతికే ప్రదేశం ప్రపంచం మొత్తంమీద ఒక్కటే. అది అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రపు దక్షిణపు కొన. అక్కడ ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేల ఉన్నది. 1947లో దానిలో కొంత భాగాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. అక్కడి గట్టుమీద ఎండ కాచుకుంటున్న జంతువు ఏదో పోల్చుకోవటం ఎలాగ?

చాలామంది ముట్టెను చూడమంటారు. ఎలిగేటరు ముట్టె వెడల్పుగా, చివర గుండ్రంగా ఉంటుంది. అక్కడి మొసలి ముట్టె సన్నగా కొనదేలి ఉంటుంది. ఎలిగేటరు ఒళ్లు నల్లన. మొసలిది బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ. కాని ఒంటినిండా బురదా నాచూ పట్టాక రంగును ఏం నమ్ముతాం? ముట్టె గుర్తయినా అన్ని దేశాలలో పనికిరాదు. మన మంజీరా నదిలో మగ్గర్ అనే జాతి మొసళ్లున్నవి. ముట్టెను మాత్రమే చూసేవాడు వాటిని ఎలిగేటర్లనే అంటాడు. వాటి ముట్టె అంత వెడల్పు!

నమ్మదగిన గుర్తు పన్ను. కింది దవడలో ముందునుంచి నాలుగో పన్ను చాలా పెద్దది. మొసలికి పైదవడ అంచున ఆ పన్నుకోసం ఒక నొక్కు ఉంటుంది. అందుచేత నోరు మూసినా ఆ పన్ను బయటికి కనబడుతూనే ఉంటుంది. ఎలిగేటరు పైదవడ కిందిదానికన్న వెడల్పు. అది నోరు మూస్తే కింది పళ్లు పైదవడలోని గుంటలలో దాక్కుంటవి. గజేంద్రుడి కాలు పట్టిన మకరిని చిత్రకారులు నోరు తెరిచినట్టుగానే గీస్తారు గనక ఆ బొమ్మ మన పరీక్షకు పనికిరాదు! ఇక నిజమైనదాని పన్ను చూడాలంటే దూరాన నిలబడి దుర్భిణీతోనే చూడాలి సుమా.

రెండూ ఒకేచోటికి ఎలా చేరినవి? మొసలి నాలుకమీద ఉప్పును బయటికి పంపే గ్రంథులున్నవి. అందుచేత అది సముద్రపు పాయలలో, మడ అడవులలో హాయిగా ఉంటుంది. ఎలిగేటరు ఉప్పునీటిలో ఎక్కువకాలం ఉండలేదు. దానికి మంచినీరు కావాలి. ఎవర్‌గ్లేడ్స్‌లో మంచినీరు పోయి ఉప్పునీటిలో కలుస్తుంది.

చలి సంగతి వేరు. ఉత్తర కరొలినాలో మడుగు గడ్డకట్టినప్పుడు, ఎలిగేటరు ముట్టెను మంచు పైకి పెట్టి ఊపిరి తీసుకుంటూ కదలకుండా ఉంటుంది. మొసలికి ఆ ఓర్పు లేదు. 2010 జనవరిలో ఫ్లారిడాలో చలిగాలులు వీచినప్పుడు నూరుకు పైగా మొసళ్లు చచ్చిపోయినవి.

అక్కడ ఎలిగేటర్లు పది లక్షలకు పైగా ఉన్నవి. అనుమతిపత్రం ఉన్నవారు ఏటా కొన్ని వారాలపాటు వాటిని వేటాడవచ్చు. మొసలిని చంపితే మాత్రం నేరం. 1975 నాటికి ఫ్లారిడాలో మొసళ్లు మూడువందలకు లోపే మిగిలినవి. అటువంటిచోట వేటగాడికి ఆ నాలుగో పన్ను సంగతి తెలియకపోతే ఎలాగ?

ఇప్పుడు పెద్ద మొసళ్లే రెండువేల దాకా ఉన్నవి. వాటికి అనుకోని ఆశ్రయం ఒకటి దొరికింది. మయామీకి దక్షిణాన ఒక అణువిద్యుత్ కేంద్రం ఉన్నది. దాని వేడినీటిని చల్లార్చటానికి తవ్విన కాలవల గట్లమీద 1970ల చివర మొసళ్లు గుడ్లు పెట్టసాగినవి. ఏటా వేసవిలో అక్కడివారు రాత్రిపూట దీపాలతో వెతికి, అప్పుడే పుట్టిన పిల్లలను పట్టి, కొలిచి, గుర్తు వేసి మళ్లీ నీటిలో వదులుతారు.