కెమెరా మొరాయిస్తే

ఒక ఊళ్ళో పొదుపు సంఘం వాళ్ళ దగ్గర ఒక డిజిటల్ కెమెరా ఉంది. ఆ రాత్రి పెద్ద వాన కురిసింది. సంఘంలోని ఒక అక్క ఇంటి గోడ కూలిపోయింది. నష్టం చూపించాలంటే ఫొటో కావాలి. సంఘం లీడరు కెమెరా తెచ్చింది. బటన్ నొక్కింది. కెమెరా వెలగలేదు.

"పాడైపోయిందే చెల్లీ! బాగుచేసేవాడు ఎంత అడుగుతాడో!" అంది అక్క.

"ఆగక్కా. ముందు మనం చూద్దాం" అంది లీడరు.

"మిషన్ల సంగతి మనకేం తెలుసు?"

"జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల ఆడవాళ్ళు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టారు. వాళ్ళలో బడికి పోనివాళ్ళున్నారు. వాళ్ళకు వచ్చింది, మనకు రాదా?"

లీడరు బ్యాటరీ తీసి చూసింది. తిరగేసి పెట్టారు! సరిగ్గా పెట్టగానే కెమెరా వెలిగింది. అప్పటికీ వెలగకపోతే బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టాలి.

ఫొటో తీసింది. మసకగా వచ్చింది. ముందు అద్దం చూసింది. దానిమీద వేలిముద్ర ఉంది. మెత్తని పొడి గుడ్డతో నెమ్మదిగా తుడిచింది. మోచేతులు ఒంటికి ఆనించుకుంది. బటన్ సగం నొక్కి ఒక్క క్షణం ఆగింది. తరువాత పూర్తిగా నొక్కింది. ఈసారి గోడ పగుళ్ళు కూడా స్పష్టంగా కనిపించాయి.

కానీ గోడ పక్కన నిలబడ్డ అక్క ముఖం నల్లగా పడింది. ఎండ ఆమె వెనక ఉంది. లీడరు ఇటు వచ్చి, ఎండ తన వీపు మీద పడేలా నిలబడింది. ముఖం తేటగా వచ్చింది. చీకట్లో అయితే ఫ్లాష్ వెయ్యాలి. చిన్న కెమెరా ఫ్లాష్ సుమారు 10 అడుగుల దూరం వరకే బాగా పనిచేస్తుంది.

లీడరు తేదీ కూడా చూసింది. బ్యాటరీ చాలా రోజులు లేకపోతే తేదీ మారిపోవచ్చు. తేదీ తప్పయితే రుజువు నిలవకపోవచ్చు. అందుకే తేదీ సరిచేసి, మళ్ళీ ఫొటో తీసింది.

అంతలో తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "ఓకే నొక్కు చెల్లీ" అంది అక్క. లీడరు నొక్కలేదు. తెలిసిన అమ్మాయిని పిలిచి చదివించింది. ఆ మాట "ఫార్మాట్". అంటే కార్డు మొత్తం తుడిచెయ్యాలా అని కెమెరా అడుగుతోంది! ఓకే నొక్కి ఉంటే తీసిన ఫొటోలన్నీ పోయేవి. లీడరు కెమెరా ఆపింది. కార్డు తీసి, గట్టిగా పెట్టింది. ఫొటోలు మళ్ళీ కనిపించాయి.

గుర్తుంచుకోండి:

• ఫొటో ఎక్కకపోతే కార్డు నిండిందేమో చూడాలి. కొన్ని కార్డుల పక్కన చిన్న తాళం మీట ఉంటుంది. అది తాళం వైపు ఉంటే ఫొటో ఎక్కదు.

• ఫొటోలు పొరపాటున పోతే ఆ కార్డు మీద కొత్తవి తీయకూడదు. తీయకుండా ఉంటే పాతవి తిరిగి రప్పించే వీలుంటుంది.

• తడిస్తే కెమెరా ఆపి, బ్యాటరీ, కార్డు తీసి, నీడలో బాగా ఆరబెట్టాలి. ఆరేదాకా వెలిగించకూడదు.

• అర్థం తెలియని మాట వస్తే బటన్ నొక్కకూడదు. అడిగి తెలుసుకోవాలి. అడగడం సిగ్గు కాదు.