మినుము పీకిన చేలో బిళ్ళంగోడు

అమెరికాలో బేస్‌బాల్ ఆడుతూ పెరిగినవారికి వసంతమంటే మంచు కరిగి పచ్చిక బయటపడే కాలం. ఫిబ్రవరి నడిమికి వృత్తి జట్లు వెచ్చని ఫ్లోరిడా, ఆరిజోనా రాష్ట్రాలకు చేరి సాధన మొదలుపెట్టాయన్న వార్త వినగానే, చలి ప్రాంతాల పిల్లలకు మైదానం మీదికి మనసు పోతుంది. కృష్ణా డెల్టాలో మంచు లేదు గాని ఇటువంటి ఎదురుచూపు ఉంది. ఇక్కడ ఆటస్థలాన్ని కప్పి ఉంచేది ముందు నీరు, ఆ తరువాత పైరు.

1855లో విజయవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957 నాటికి వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ నేలను వరి సీమగా నిలబెట్టాయి. సార్వా వరి కోతకు కొద్ది రోజుల ముందే, చేలో తడి ఆరకుండానే, నిలిచి ఉన్న పైరులో మినుము, పెసర విత్తనాలు చల్లడం ఇక్కడి రైతుల పద్ధతి. దుక్కి లేకుండా, నేలలో మిగిలిన పదునుతోనే ఆ అపరాలు, అంటే పప్పుధాన్యాలు, పండుతాయి. అందువల్ల సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరినా చేను మాత్రం పిల్లలకు దక్కదు. పండుగ సెలవుల్లో కళ్ళంలోనో చెరువు గట్టు మీదనో సర్దుకున్న ఆట, మినుము పీకి కుప్ప వేశాకే చేలోకి దిగుతుంది. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యేదీ ఇంచుమించు అప్పుడే కావడంతో, ఉగాది ముందరి ఆ రోజులు పిల్లలకు నిజమైన వసంతంగా నిలిచాయి.

ఆ చేలలో బేస్‌బాల్‌కు దగ్గరి చుట్టం బిళ్ళంగోడు. తెలంగాణలో దీనినే చిర్రగోనె అంటారు. జానెడైనా లేని కర్రముక్క బిళ్ళ, మూరెడు పైచిలుకు కర్ర గోడు. అరచేతులు తిరగేసి పంటలు వేసుకుని, మొదట ఎవరు ఆడాలో తేల్చుకున్న తరువాత, చిన్న గుంట మీద అడ్డంగా పెట్టిన బిళ్ళను గోడుతో ఎగజిమ్ముతారు. ఎదుటివారు దానిని గాలిలోనే పట్టుకుంటే, బేస్‌బాల్‌లో వలెనే, ఆడినవాడు ఔట్. బిళ్ళ రెండు కొసలూ సన్నగా చెక్కి ఉండడం వల్ల నేలకు ఆనక కాస్త లేచి ఉంటాయి. ఒక కొస మీద గోడుతో కొట్టగానే నడిమి భాగం ఆధారంగా బిళ్ళ గిర్రున తిరుగుతూ పైకి లేస్తుంది, అది కింద పడేలోపు మళ్ళీ కొట్టాలి. బేస్‌బాల్‌లో బంతిని ఎదుటివాడు విసురుతాడు; బిళ్ళంగోడులో దెబ్బకు కావలసిన ఎత్తును ఆటగాడే సృష్టించుకోవాలి, కంటికీ చేతికీ ఇంతకంటే గొప్ప పరీక్ష పల్లెటూరి ఆటల్లో మరొకటి లేదు.

చేను కూడా ఆటలో భాగమే. ఎండకు నల్లరేగడి నెర్రెలు విచ్చి, ఎగిరిన బిళ్ళ ఒక్కోసారి నిలువునా నెర్రెలోకి జారిపోతే, ఆట ఆపి పిల్లలంతా బోర్లా పడుకుని పుల్లలతో దానిని పైకి తీస్తారు. వరి కొయ్యకాళ్ళు వట్టి పాదాలకు గుచ్చుకున్నా పరుగు ఆగదు.

బిళ్ళ కంటికి తగులుతుందన్న పెద్దల భయం న్యాయమైనదే. అయినా ఈ ఆటను వెనక్కి నెట్టింది ఆ భయం కంటే క్రికెట్టే. 1932లో లార్డ్స్ మైదానంలో భారత జట్టు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు పూర్వికులు మచిలీపట్నం నుంచి నాగపూరుకు వెళ్ళినవారే కనుక, ఆ ఆటనూ డెల్టా పరాయిదిగా చూడలేదు. బ్యారేజీ దిగువన నీరు తగ్గినప్పుడు తేలే ఇసుక తిన్నెలు విజయవాడ పిల్లలకు వేసవి మైదానాలయ్యాయి.

ఈ కాలానికి గడువు కాలువే చెబుతుంది. తొలకరితో ప్రకాశం బ్యారేజీ లాకులెత్తి నీరు వదిలాక, బోదెల వెంట పారి వచ్చిన ఆ నీరు చేలో నెర్రెలను ఒకటొకటిగా పూడ్చుకుంటూ పోతుంది. దొరకని బిళ్ళలు ఆ మట్టిలోనే ఉండగా దాని మీద నారుమడి లేస్తుంది.