బొగ్గుగుట్ట కింద బడి

చారిత్రక ఇతివృత్తానికి ప్రాణం సంఘటన కాదు, దృక్కోణం. 2019లో వెలువడిన ‘ది క్రౌన్’ టెలివిజన్ నాటకం మూడవ భాగంలోని ‘ఆబర్‌ఫాన్’ ఘట్టమే చూడండి. 1966 అక్టోబరు 21న వేల్స్‌లో గనివ్యర్థాల గుట్ట జారి బడిమీద పడింది. చనిపోయిన 144 మందిలో 116 మంది పిల్లలు. ఆ బీభత్స చిత్రణలో రచయిత పీటర్ మోర్గాన్‌కు వంక పెట్టలేం. కాని క్రమంగా ప్రశ్నే మారిపోతుంది: రాణి ఎనిమిది రోజుల దాకా ఎందుకు వెళ్లలేదు, ఎందుకు ఏడవలేదు? చివర ఆమె కంట నీరు జారడమే పరాకాష్ఠ. రాజగృహమే కథాకేంద్రమైతే ఇంతే మరి. ఊటనీటిమీద గుట్ట పోసిందెవరు? జాతీయ బొగ్గు బోర్డుదే తప్పని 1967లో విచారణ సంఘం తేల్చింది. అయినా మిగిలిన గుట్టల తొలగింపుకు బాధితుల సహాయనిధి నుంచే 1,50,000 పౌన్లు తీసుకున్నారు, అదీ లేబర్ ప్రభుత్వంలో. 1997లో గాని తిరిగివ్వలేదు, వడ్డీ లేకుండా.