ఒంటి మీద చిన్న పొక్కులు: ఇంటిల్లిపాదికీ ఒకే రాత్రి మందు

మన అద్దంకి చుట్టుపక్కల ఒంటి మీద కారణం తెలియని పొక్కు కనిపిస్తే పేరు పెట్టడానికి ఎవరూ ఆలోచించరు. వేడి చేసిందంటారు, ఏదో పడలేదంటారు, మిరప కోతకు వెళ్లొచ్చిన వాళ్లయితే కాయ ఘాటంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘గర్మీ దానే’. పేరు పెట్టాక మందుల షాపుకు వెళ్లి ఏదో ఒక ట్యూబు తెచ్చుకుంటాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఈ పొక్కుల్లో చాలావాటికి భయపడనక్కర లేదు. ఎండాకాలంలో మెడ, వీపు, నడుము మీద లేచే చెమటకాయలు ఒళ్లు చల్లబడితే, వదులైన నూలు బట్టలు కడితే వాటంతటవే పోతాయి. చేతుల పైభాగంలో, తొడల మీద గరుకుగా, దురద లేకుండా ఉండే చిన్న గింజలు చర్మ స్వభావం వల్ల వచ్చేవి. వాటికి తేమనిచ్చే క్రీము చాలు. పిల్లల ఒంటి మీద ముత్యంలా మెరుస్తూ, నడుమ చిన్న గుంటతో కనిపించేవి మొలస్కం అనే వైరస్ పొక్కులు. గిల్లకుండా వదిలేస్తే చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరలో తగ్గిపోతాయి. పొలం గట్ల మీది వయ్యారిభామ పడనివాళ్లకు ముఖం, మెడ, మోచేతి మడతల్లో దురద, దద్దురు వస్తాయి. బట్ట కప్పిన చోట చర్మం బాగుండి, బయటికి కనిపించే చోటే చెడితే ఆ మొక్కను అనుమానించాలి.

ఇక అసలు సంగతి గజ్జి. దీన్నే మన ఇళ్లలో ఖుజ్లీ అంటాం. పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి దాచుకునే జబ్బు కనుకనే ఇంతగా పాకుతోందని నా అభిప్రాయం. ఇది మురికివాళ్ల జబ్బు కాదు. రోజూ స్నానం చేసేవాళ్లకూ వస్తుంది. ఒకే చాప మీద, ఒకే దుప్పటిలో నలుగురైదుగురు పడుకునే ఇళ్లలో, హాస్టళ్లలో, మదరసాల్లో తేలిగ్గా పాకుతుంది. కంటికి సరిగా ఆనని ఆడ పురుగు చర్మం పైపొరలో సన్నటి సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. చర్మంలో ఇలాంటి పురుగు ఉంటుందని 12వ శతాబ్దంలోనే అందలూసియా వైద్యుడు ఇబ్న్ జుహ్ర్ రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2017లో గానీ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చలేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. దురద రాత్రిపూట ఎక్కువవుతుంది. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, పిరుదులు, మర్మాంగాలు – పొక్కులు ఈ చోట్లనే వెతుక్కుంటాయి. పసిపిల్లలకైతే అరచేతులు, అరికాళ్లు, తల మీద కూడా. అన్నిటికన్నా పెద్ద గుర్తు, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటూ ఉండటం. మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా ఏ బాధా లేనివాళ్లే పక్కవాళ్లకు అంటిస్తుంటారు. ముసాఫహా చేస్తే వస్తుందేమోనని జంకనక్కర లేదు. చర్మానికి చర్మం ఎక్కువసేపు తగిలితేనే సాధారణంగా సోకుతుంది.

దురదే కదా అని తీసేయకూడదు. గోకిన పుండ్లలో చీము పడితే ఆ సూక్ష్మజీవుల వల్ల కొందరు పిల్లలకు మూత్రపిండాలు వాస్తాయి. ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా, రంగు మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మందు సులువైనదే. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, పొక్కు ఉన్నా లేకపోయినా రాయాలి. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచి స్నానం చేయాలి. ఇషా నమాజు అయ్యాక తొమ్మిదింటికి రాసుకుంటే తెల్లవారి ఫజ్ర్‌కు ముందు స్నానానికి గడువు సరిపోతుంది. మధ్యలో వుజూ చేస్తే తడిసిన చోట మళ్లీ రాసుకోవాలి. వారం తర్వాత ఇంకొకసారి రాయాలి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరు చెప్పినట్టే వాడాలి. కొందరికి ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇస్తారు. అవి బరువును బట్టి ఇచ్చేవి కనుక సొంతంగా మింగకూడదు. కట్టుకున్న బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేనివి కవరులో మూటగట్టి వారం పక్కన పెడితే చాలు. మనిషి ఒంటిని వదిలిన పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

దాతలు పట్టించుకోవాల్సింది ఇక్కడే. ఒక పిల్లవాడికి ఒక ట్యూబు కొనిచ్చి పంపడం డబ్బు దండగ. ఇంట్లో అందరూ, గోక్కోనివాళ్లు సైతం, ఒకే రాత్రి రాసుకోకపోతే నెల తిరక్కుండా జబ్బు మళ్లీ ఆ పిల్లవాడి దగ్గరికే వస్తుంది. పెద్దవాళ్లకు ఒక్కసారికి సుమారు 30 గ్రాములు కావాలి. ఆరుగురు పెద్దలున్న ఇంటికి రెండు విడతలకు పన్నెండు ట్యూబులు. కూలి డబ్బుతో బతికే ఇల్లు అన్ని కొనలేక ఒకటి కొని దురద ఎక్కువున్న చోట పూసుకుంటుంది. మందుల కోసం మీరిచ్చే సొమ్ము పది ఇళ్లకు తలా ఒక ట్యూబుగా పంచేకన్నా రెండు ఇళ్లకు పూర్తిగా ఇవ్వడం మేలు. హాస్టలయితే గదికి కాదు, మొత్తం హాస్టలుకు.

షాపులో అడిగితే ఇచ్చే ‘దురద ట్యూబు’ల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, లోపల పురుగు మాత్రం చావదు. పైగా ఆ పూతతో గజ్జి ఆనవాళ్లు మారిపోయి డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. తామరకు రాస్తే ఇంకా విస్తరిస్తుంది. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. అమ్మకాలు ఆగలేదన్నది మీకూ తెలుసు.

ఇంకొక్క రకం ఉంది. చెవి తమ్మెల మీద, ముఖం మీద దురదా నొప్పీ లేని గడ్డల్లాంటి పొక్కులు గానీ, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ గానీ కనిపిస్తే కుష్ఠు పరీక్ష చేయించాలి. మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలంటే ఒంగోలు, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడిన ట్యూబు ఖాళీదైనా సరే, వెంట తీసుకెళ్లండి.

మందు సరిగా రాసినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంలో ఉన్నన్నాళ్లు ఒళ్లు అలా స్పందిస్తుంది. మందు పనిచేయలేదని రోజూ రాస్తే చర్మం మండుతుంది. కొత్త పొక్కులు లేస్తుంటేనే, లేదా నాలుగు వారాలు దాటినా దురద తగ్గకపోతేనే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.