డఫరిన్ నౌక, మన మెట్టసీమ

సముద్రముతో మనకేమి పని యని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పెద్దలు తరచుగా ననుచుందురు. ఆ మాట నిరాధారము కాదు. మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు మించిన యెత్తున నున్న మెట్టపట్టణము. పుంగనూరు పేరు వినగనే పొట్టియావులు జ్ఞప్తికి వచ్చునే గాని ఓడలు రావు. కుప్పమునకు రైలుమార్గము కలదు గాని, అచట బండి నెక్కువారు బెంగుళూరు వైపే చూతురు; అవే పట్టాలు రెండవ దిక్కున జోలార్పేట మీదుగా చెన్నపట్టణపు రేవునకు దారితీయునని యెవరికిని స్ఫురింపదు. ఆ రేవునకు ఒకనాడు వచ్చిన యోడ చరిత్రను ఇచ్చట చెప్పదలచితిమి. చదువరులు కొంచె మోపిక పట్టిన, ఆ చరిత్రలో మన సీమకును పాలున్నదని కనుగొందురు.

1922 జనవరి 13వ తేదీన బ్రిటిషు యువరాజు రంగూనునుండి వచ్చి చెన్నపట్టణమున దిగెను. చిత్తూరు జిల్లా నాడు చెన్నరాజధానిలోని భాగము. సహాయనిరాకరణోద్యమము ముమ్మరముగా నున్న దినములవి. పట్టణమున హర్తాళము జరిగెను, అంగళ్లు మూతపడెను, వీధులలో అల్లరులు చెలరేగెను. అంతటి సంరంభములో యువరాజును మోసికొని వచ్చిన యోడను గమనించువా రెవ్వరు? దాని పేరు డఫరిన్. రాయల్ ఇండియన్ మెరీన్ అను ప్రభుత్వ నౌకాశాఖకు చెందిన సైనికవాహక నౌక యది.

ఇంగ్లండునందలి బారో పట్టణమున వికర్సు కంపెనీవారు దీనిని నిర్మించి 1904లో జలప్రవేశము చేయించిరి. ఏడువేల టన్నులకు పైబడిన నౌక. పొడవు నాలుగువందల యడుగులకు మించినది. పటాలములను రేవునుండి రేవునకు చేరవేయుటయే దీని పని. వ్యయమును భరించినది భారతదేశపు ఖజానా. కొలుములలో బొగ్గు పోసినవారును, త్రాళ్లు లాగినవారును మనవారే. ఈ శాఖలోని కళాసీలలో పెక్కురు కొంకణ తీరపు రత్నగిరి ప్రాంతమునుండి వచ్చిన ముసల్మానులు. కాని నౌక నడుపు అధికారులలో భారతీయుడు ఒక్కడును లేడు. ఆ శాఖలో డి. ఎన్. ముఖర్జీ అను వంగీయునకు యంత్రవిభాగమున మొట్టమొదటి అధికారిపదవి లభించుసరికి 1928వ సంవత్సరము వచ్చెను. పన్నులు కట్టుటకు, బొగ్గు మోయుటకు పనికివచ్చిన జాతి చుక్కాని పట్టుటకు పనికిరాదయ్యెను!

ఇక పేరు సంగతి. డఫరిన్ ప్రభువు 1884 మొదలు 1888 వరకు వైస్రాయిగా నుండెను. పదవి విడుచుచు కలకత్తాలో జరిగిన విందునందు, కాంగ్రెసువారు సూక్ష్మదర్శినితో జూచిన గాని కానరాని గుప్పెడుమంది యని భావము వచ్చునట్లు పలికిన ఘనుడు ఆయనయే. ఆయన పేరు పెట్టుకొన్న యోడ ఏ పనికి వచ్చినదో ముందు విన్నవింతుము.

1914లో మహాయుద్ధము ఆరంభము కాగా ఈ నౌకలకు చేతినిండ పని దొరకెను. డఫరిన్ ఎర్రసముద్రమున కాపలా తిరిగి, అరబ్బులు టర్కీవారిపై తిరుగబడినపుడు వారికి తోడ్పడెను. దీని సహచరనౌక హార్డింజి 1915 ఫిబ్రవరి 3వ తేదీన సూయజు కాలువలో టర్కీ ఫిరంగిగుండ్లు తగిలి పొగగొట్టము పోగొట్టుకొనెను. యుద్ధము ముగిసినంతనే ఖర్చు తగ్గింపవలెనను గోల బయలుదేరెను. ప్రభుత్వమువారు తమ సొంత నౌకలలో సైన్యమును చేరవేయు పద్ధతినే విరమించుకొనిరి. డఫరిన్‌కు ఇక చేయదగిన పని లేకపోయెను.

ఆ పని ఢిల్లీలో పుట్టినది. యువరాజు చెన్నపట్టణమున దిగిన ఆ మాసముననే, కేంద్ర శాసనసభలో సర్ పి. ఎస్. శివస్వామయ్యరుగారు ఒక తీర్మానమును తెచ్చిరి. ఓడల నడుపు విద్యలో భారతీయులకు శిక్షణ నిప్పించుటయు, దేశమున నౌకానిర్మాణమునకు దారి చూపుటయు దాని యుద్దేశము. ఒకే నెలలో ఒకచోట హర్తాళము, మరియొకచోట తీర్మానము. ఈ రెంటిలో ఏది గొప్ప యని వాదించుకొనువారు నేటికిని కలరు. మా మట్టుకు మాకు, అంగళ్లు మూసినవారి కోపమే లేకున్న సభలోని మాటకు అంత విలువ దక్కెడిది కాదనియే తోచుచున్నది. 1923లో రాయల్ ఇండియన్ మెరీన్ అధిపతి హెడ్లాం అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడెను. చదువుకొన్న కుటుంబముల భారతీయ బాలురు సముద్రజీవనపు కష్టమునకు తాళలేరనియు, ఓడ యెక్కుటకే వెనుదీయుదురనియు ఐరోపీయ వర్తకులు వాదింపకపోలేదు. మన పెద్దలలో సముద్రయానము పాతకమని నమ్మినవా రుండుటయు వారికి కలిసివచ్చెను. అయినను 1924లో ఆ సంఘము శిక్షణనౌక యొకటి కావలెనని నివేదించెను. అంతట పనిలేక నిలిచియున్న డఫరిన్‌ను బొంబాయి మజగాము రేవున లంగరు వేయించి, పాఠశాలగా మార్చి, 1927 డిసెంబరులో మొదటి తరగతి బాలురను చేర్చుకొనిరి. దీనిని దొరతనమువారి దయాదాన మందురు కొందరు. మన ధనముతో కట్టిన యోడను, పని తీరిన పిమ్మట, అయిదేండ్ల వాదప్రతివాదముల యనంతరము మన బిడ్డలకిచ్చుట దానమెట్లగును?

చదువు ముగించినంతనే కొలువు సిద్ధముగా లేదు. ఆంగ్ల నౌకాకంపెనీలు ఈ బాలురను చేర్చుకొనుటకు చాలకాలము వెనుదీసెను. సింధియావంటి స్వదేశీ కంపెనీ వారికి చోటిచ్చినది. 1919 ఏప్రిలు 5వ తేదీన లాయల్టీ యను నౌకను బొంబాయినుండి లండనునకు పంపినదియు, 1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున జలఉషను జలప్రవేశము చేయించినదియు ఈ కంపెనీయే.

1927నాటి తొలి జట్టులో కటారి రామదాసు అను బాలుడుండెను. 1911లో చెంగల్పట్టున జన్మించిన తెలుగు కుటుంబీకుడు, చదివినది సికింద్రాబాదున. సముద్రమునకు ఆ యూరెంత దూరమో మదనపల్లె కంటె అదియే దూరమని పటము చూచినవారికి తెలియును. డఫరిన్‌లో విద్య ముగించి, హుగ్లీ నదిని సర్వేచేయు కొలువులో పనిచేసి, 1939లో యుద్ధము రాగా నౌకాదళపు రిజర్వులో చేరెను. 1958 ఏప్రిలు 22వ తేదీన భారత నౌకాదళమునకు అధిపతి యయ్యెను. అంతవరకు ఆ పీఠమున కూర్చున్నవారందరును ఆంగ్లేయులే. సూక్ష్మదర్శినితో గాని కానరాని వారని యెవరిని గూర్చి యాయన పలికెనో, వారి దేశపు తొలి నౌకాధిపతి ఆ ప్రభువు పేరిట నున్న యోడలోనే అక్షరాభ్యాసము చేసెను. 1962లో కొలువునుండి విరమించిన పిమ్మట కటారిగారు ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థకు అధ్యక్షులుగా నుండిరి. యుద్ధనౌకలను నడిపించినవారి యాధిపత్యమున మన కనుమదారుల బస్సులు కొంతకాలము తిరిగినవన్నమాట.

డఫరిన్ 1972 వరకు బొంబాయిలో పాఠశాలగా నుండెను. దాని స్థానమున రాజేంద్ర యను నౌక వచ్చెను. 1993లో చాణక్య యను పేర ఆ విద్యాలయము నవీముంబయిలో భూమిమీదికి చేరెను. ఇపుడు ఇండియన్ మారిటైము విశ్వవిద్యాలయము వారి శాఖ విశాఖపట్టణముననే కలదు.

మదనపల్లె సంతలో టమాటా ధర ఒకనాడు ఆకాశమునంటి మరునాడు బుట్ట కూలికైన చాలకుండుట చూచుచున్న రైతు, చేనితోపాటు బిడ్డనికి మరియొక బ్రతుకుతెరువు వెదకుట సహజమే. ఇంటరులో గణితము, భౌతికము, రసాయనము చదివిన బాలబాలికలు ప్రవేశపరీక్ష వ్రాయవచ్చును. బాలికలు కూడ ననుమాట నొక్కి చెప్పుచున్నాము. ఫీజు కట్టుటకు ముందే కంటిపరీక్ష చేయించుట మేలు. ఎరుపు పచ్చల భేదము తెలియని కంటికి ఓడ నడుపు విభాగమున ప్రవేశము లేదు. ఇంకొక మాట. ఓడలో ఉద్యోగ మిప్పింతుమని లక్షలు పుచ్చుకొని మాయమగు దళారులు దేశమంతట కలరు. డైరెక్టరు జనరల్ ఆఫ్ షిప్పింగు వారి లైసెన్సు గల సంస్థల పట్టిక ప్రభుత్వమువారు ప్రకటించుచునే యున్నారు. ఆ పట్టికలో పేరు లేనివానికి పొలము తాకట్టు పెట్టి రూపాయి ఇయ్యరాదు.