తేదీల తిరకాసు

పిల్లలూ, నాకు పుట్టినరోజులు రెండున్నాయి. ఒకటి కాగితం మీద ఉన్నది, రెండోది మా అమ్మ చెప్పినది. కాగితం ప్రకారం నేను 1959 జూలై 1న పుట్టాను. మా అమ్మ మాత్రం, "వికారి నామ సంవత్సరం, శ్రావణ మాసం, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు. పొద్దుటినుంచీ ఒకటే వాన," అని చెప్పేది.

మాది నల్లమల కొండల పక్కన ఉన్న వెలుగోడు. ఇప్పుడు నంద్యాల జిల్లా. 2022కు ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. నా చిన్నతనంలో మా వైపు పిల్లలు ఇళ్లలోనే పుట్టేవారు. పుట్టిన తేదీ రాసిపెట్టే అలవాటు చాలా ఇళ్లలో లేదు. బడిలో వేసేటప్పుడు పంతులుగారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి అందుకోమనేవారు. చెవి అందిందా, అయిదేళ్లు నిండినట్టే! రిజిస్టరులో జూలై 1 అని రాసేసేవారు. మా తరగతిలో సగం మందిమి ఒకేరోజున పుట్టామంటే మీకు నవ్వు వస్తుంది గదా? నేను కూడా హెడ్మాస్టరునయిన తర్వాత అలాటి తేదీలు కొన్ని రాశాను. ఒప్పుకోక తప్పదు.

ఉద్యోగం చివరి రోజుల్లో, మా అమ్మ చెప్పిన రోజు ఇంగ్లీషు తేదీల్లో ఏది అవుతుందో చూడాలని నాకు బుద్ధి పుట్టింది. నేను లెక్కల మాస్టరునే. బడిలో కంప్యూటరు ఉన్నది. ఇదెంత పని అనుకున్నాను. తీరా కూచుంటే, తేదీల లెక్క కూడికలూ తీసివేతలంత సులభం కాదని తెలిసింది.

ముందు సంవత్సరం సంగతి చూద్దాం. మన సంవత్సరాలకు ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై పేర్లున్నాయి. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 6 తీసేసి, మిగిలినదాన్ని 60తో భాగించండి. వచ్చిన శేషమే ఆ పేరు వరుస సంఖ్య. 1959లోంచి 6 పోతే 1953. దాన్ని 60తో భాగిస్తే శేషం 33. ముప్ఫైమూడో పేరు వికారి. అమ్మ మాట సరిపోయింది! శేషం సున్నా వస్తే అది అరవయ్యో పేరు, అంటే అక్షయ. జనవరి ఒకటికీ ఉగాదికీ మధ్య వచ్చే రోజులకు మాత్రం అంతకు ముందటి ఏటి పేరు చెప్పాలి.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. వికారి 1899లోనూ వచ్చింది, 1959లోనూ వచ్చింది, 2019లోనూ వచ్చింది. ఒట్టి పేరు చెబితే ఏ వికారి అనుకోవాలి? మా కర్నూలు సీమలో పెద్దవాళ్లు "ధాత కరువు" అని చెప్పుకునేవారు. 1876 నుంచి 1878 దాకా దక్షిణదేశాన్ని పీడించిన ఆ మహా కరువు ధాత నామ సంవత్సరంలో మొదలైంది. తర్వాత ధాత 1936లో వచ్చింది, 1996లోనూ వచ్చింది. ఇంటి దస్తావేజులో "ధాత" అని మాత్రమే ఉంటే, అది కరువునాటిదో, అరవై ఏళ్ల తర్వాతదో ఎలా తెలుస్తుంది? అందుకే పాత శాసనాల్లో చాలావాటి మీద పేరుతోబాటు శకవర్షం కూడా చెక్కించారు. కడపలో పనిచేసి, తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌను దొరకు ఈ చిక్కు బాగా తెలుసు. ఆయన 1850లో ఈ అరవై ఏళ్ల చక్రాలకు పట్టికలు కట్టి పుస్తకంగా అచ్చువేయించాడు.

చోద్యమేమంటే, కంప్యూటర్లకు పాఠం చెప్పినవాళ్లు సరిగ్గా ఇదే పొరపాటు చేశారు. వెనక కంప్యూటర్లలో చోటు చాలా తక్కువ, ఖరీదు చాలా ఎక్కువ. అందుచేత 1975 అని రాయక 75 అని రాసి ఊరుకున్నారు. మన పేర్లు అరవై ఏళ్లకు తిరిగివస్తే, వాళ్ల అంకెలు నూరేళ్లకు తిరిగివస్తాయి. 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకోవాలా, 2000 అనుకోవాలా? 2000 సంవత్సరం రాకముందే ప్రపంచమంతటా ప్రోగ్రాములు దిద్దడానికి ఎంతోమంది ఏళ్లతరబడి పాటుపడవలసి వచ్చింది.

ఇక నెలల సంగతి. కంప్యూటరులో ఒక తేదీ అంటే మూడు గడులనుకోండి. ఒక గడిలో రోజు, ఒకదానిలో నెల, మరొకదానిలో సంవత్సరం. రూపాయలు, పైసలు కూడేటప్పుడు నూరు పైసలు నిండగానే పక్కగడిలో ఒక రూపాయి వేస్తాం. ఎప్పుడూ నూరే. కాని రోజులగడి ఒకసారి 31కి నిండుతుంది, ఒకసారి 30కి, ఒకసారి 28కి! పైగా నాలుగేళ్లకొకసారి 29. అదీ నిలకడగా ఉండదు. 1900 నాలుగుతో నిశ్శేషంగా పోయినా లీపు సంవత్సరం కాదు, 2000 మాత్రం లీపు సంవత్సరమే. నూరేళ్ల గీటురాళ్లలో 400తో భాగింపబడేవే లెక్కలోకి వస్తాయి. ఎక్సెల్ అనే ప్రసిద్ధమైన ప్రోగ్రాము 1900 ఫిబ్రవరికి 29 రోజులున్నట్టే లెక్కవేస్తుంది. అంతకు ముందటి ఒక ప్రోగ్రాము చేసిన తప్పు అది. పాత లెక్కలు చెడిపోకుండా ఉండటానికని ఆ తప్పును తెలిసే ఉంచేశారు!

ఇప్పుడు మీకొక ప్రశ్న. 2023 జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ వస్తుంది?

ఫిబ్రవరి 31 అనే రోజు లేదు గదా. జావా అనే కంప్యూటరు భాషలోని పాత క్యాలెండరును అడిగి నెల కలపమంటే, అది ఫిబ్రవరి 28 దగ్గర ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ అనే మరొక భాషలో నెల గడిని ఒకటి పెంచితే, ఎక్కువైన మూడు రోజులూ పక్కకు పొర్లి మార్చి 3 వస్తుంది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. అడిగినవాడు "నెల" అన్నాడేగాని, నెలాఖరు అనుకున్నాడో, ముప్ఫై రోజులనుకున్నాడో చెప్పలేదు. ఇంకొక తమాషా. ఫిబ్రవరి 28 లోంచి ఆ నెలను మళ్లీ తీసేస్తే జనవరి 28 వస్తుంది. కలిపిందే తీసినా, బయలుదేరిన చోటికి చేరలేదు! మామూలు అంకెలు ఇలా ఎన్నడూ చెయ్యవు.

ఆ రెంటిలోనూ నెలలను సున్నా నుంచి లెక్కబెడతారు. జనవరి 0, డిసెంబరు 11. జూలై అనుకుని 7 వేస్తే ఆగస్టు అవుతుంది. నేనూ ఒక సాయంకాలమంతా ఈ బురదలో దిగబడ్డాను.

దీనికి విరుగుడు మన సిద్ధాంతులకు ఏనాడో తెలుసు. వాళ్లు గడులను పక్కనబెట్టి, ఒక్క అంకె పట్టుకున్నారు. క్రీస్తు పూర్వం 3102లో కలియుగం మొదలైన రోజు నుంచి నేటికి ఎన్ని రోజులు గడిచాయి? ఆ మొత్తాన్ని అహర్గణం అంటారు. చంద్రుణ్ణి బట్టి నడిచే ఏడాది సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అందుకని పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు అధికమాసం వస్తుంది. నెలలు ఇన్ని వేషాలు వేసినా, రోజుల మొత్తం మాత్రం ఒక్కొక్కటే పెరుగుతుంది. చాలా కంప్యూటర్లు చేసే పనీ ఇదే. వాటి కలియుగం 1970 జనవరి 1న మొదలైంది! ఆనాటి అర్ధరాత్రి నుంచి, గ్రీనిచ్ గడియారం ప్రకారం, రోజుకు 86,400 చొప్పున సెకన్లు లెక్కబెడతాయి. కొన్ని పాత యంత్రాలకు ఆ అంకె రాసుకునే చోటు 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. ఆలోగా వాటిని మార్చెయ్యాలి.

ఇంతకీ నా లెక్క ఏమైందంటారా? 1959 నాటి పంచాంగం ప్రకారం వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 14. అంటే నేను పుట్టింది 13. వరలక్ష్మీ వ్రతం శుక్రవారమే వస్తుంది, కాబట్టి 13 గురువారం కావాలి. 1970 జనవరి 1 గురువారం. ఆ రోజుకు నేను పుట్టిన రోజు 3,794 రోజులు వెనక. 3,794ను 7తో భాగించి చూడండి. శేషం సున్నా! అంటే అదీ గురువారమే. వారం కూడా కుదిరింది! కాగితం మీది జూలై 1 అయితే 3,837 రోజులు వెనక. రెంటికీ తేడా 43 రోజులు.

నలభైమూడు రోజులకు ఇంత గోల దేనికని మీరు అడగవచ్చు. నేను హెడ్మాస్టరుగా ఉండగా ఒక అమ్మాయి అయిదో తరగతి చదివేది. తండ్రి కూలిపని చేసేవాడు. ఆ పిల్ల లెక్కల్లో నాకంటె చురుకు. ఒక మంచి బడిలో ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించాను. 2008 మే 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లే ఆ పరీక్ష రాయాలి. మా రిజిస్టరులో ఆమె తేదీ 04-07-2008, అంటే జూలై 4. దరఖాస్తు ఎక్కించినచోట కంప్యూటరు అమెరికావాళ్ల పద్ధతిలో నెలను ముందు చదివింది. పిల్ల ఏప్రిల్ 7న పుట్టినట్టయింది! ఎనభై ఎనిమిది రోజులు పెద్దదైపోయింది. "వయస్సు మించినది" అని తిరగగొట్టారు. ఆ పిల్ల ఏ 13వ తేదీనో పుట్టివుంటే, పదమూడో నెల లేదు గనుక యంత్రమే ఆగిపోయేది. పన్నెండులోపు తేదీ కావడంవల్ల చప్పుడు లేకుండా మింగేసింది. నేను రిజిస్టరు చంకనబెట్టుకుని మూడుసార్లు నంద్యాల బస్సెక్కాను. తప్పు దిద్దారు. కాని అప్పటికి గడువు దాటిపోయింది. "పోనీలెండి సార్," అన్నది ఆ పిల్ల. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాసే అంతర్జాతీయ పద్ధతి ఒకటి 1988లోనే వచ్చింది. 2008-07-04 అని రాస్తే ఈ ప్రమాదం ఉండదు. అప్పటినుంచి నేను ఉత్తరాల మీద కూడా అలాగే రాస్తున్నాను.

నా సంగతి కూడా చెప్పేస్తాను. అప్పట్లో మాకు అరవై ఏళ్లు నిండితే ఆ నెలాఖరున ఉద్యోగ విరమణ. కాని ఒకటో తేదీన పుట్టినవాడికి అంతకు ముందురోజుతోనే ఏళ్లు నిండినట్టు లెక్క. వాడు ముందటి నెలాఖరునే దిగిపోవాలి. అందుచేత నేను 2019 జూన్ 30న, వికారి మళ్లీ వచ్చిన ఏట, తాళంచెవులు అప్పగించి ఇంటికి వచ్చాను. మా అమ్మ లెక్క ప్రకారమైతే ఆగస్టు ఆఖరుదాకా బడిలోనే ఉండేవాణ్ణి. ఆ ఏడు ఆగస్టు 15న జెండా నేనే ఎగరవేసేవాణ్ణి.